గళ్ల గీతలు: రాతిలో, వంటింట్లో, లేత్ షాపులో

ఒక వరస గీతలు గీసి, వాటిని కోస్తూ ఇంకో వరస గీస్తే ఏర్పడే అల్లికను చిత్రకారులు క్రాస్‌హ్యాచింగ్ అంటారు. ఇంట్లో, పొలంలో, షాపులో సందర్భాన్ని బట్టి గళ్లు, జాలీ, అడ్డగాట్లు అంటాం. చూపుకు ఇది అలంకారంలా కనిపిస్తుంది గానీ చాలాచోట్ల దీన్ని గీసేది పని జరగడం కోసమే. ఒక్క దిక్కున గీసిన గీతలకు దారి ఉంటుంది. నూనె ఆ వెంటే జారుతుంది, పట్టుకున్న చెయ్యి ఆ వెంటే జారుతుంది, చూసే కన్నూ ఆ వెంటే పోతుంది. రెండో వరస పడగానే ఆ దారి తెగుతుంది. పొడవాటి గట్లన్నీ చిన్న చిన్న దిమ్మెలవుతాయి. ఏ పక్కకు జారబోయినా ఒక అంచు అడ్డొస్తుంది. బొమ్మలో నీడ పరుచుకోవడానికీ, కూరలో కారం ఇంకడానికీ, ఇంజను సిలిండరులో నూనె నిలవడానికీ మూలం ఈ రెండో వరసే.

ఈ వ్యాసంలో ఉదాహరణలు వీలైనంతవరకు నంద్యాల జిల్లా శిరివెళ్ల చుట్టుపక్కల నుంచి తీసుకున్నవి. శిరివెళ్ల మండల కేంద్రం. కర్నూలు నుంచి చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద, నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ ఉంటుంది. తూర్పున నల్లమల కొండలు, పడమర కుందూ నది వైపు నల్లరేగడి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఇదంతా కర్నూలు జిల్లా. ఆళ్లగడ్డ శిల్పులు, రేగడి రైతులు, ట్రాక్టరు మెకానిక్కులు, బనగానపల్లె మామిడి, బేతంచెర్ల బండలు అన్నీ ఒక్క జిల్లాలోనే ఉండటంతో గళ్ల గీత చేసే పనులు దాదాపు అన్నీ ఇక్కడే కనిపిస్తాయి.

తొలి గీతలు

మనిషి చేతికి ఈ అల్లిక కొత్తది కాదు. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో దొరికిన ఎర్రమన్ను గడ్డ మీద సుమారు 77 వేల ఏళ్ల కిందట చెక్కిన వాలుగీతలూ, వాటిని కోసే ఎదురు వాలుగీతలూ ఉన్నాయి. అదే గుహలోని చిన్న రాతిపెంకు మీద ఎర్రమన్ను కొసతో గీసిన ఆరు గీతలు, వాటిని దాటే మూడు గీతలు 73 వేల ఏళ్ల నాటివని 2018లో పరిశోధకులు ప్రకటించారు. మన దేశంలో మహారాష్ట్రలోని పాట్నే దగ్గర దొరికిన ఉష్ట్రపక్షి గుడ్డుపెంకు మీద కూడా గళ్ల అల్లిక చెక్కి ఉంది. అది సుమారు 25 వేల ఏళ్ల నాటిది.

బ్లోంబోస్ కాలానికి సరితూగే సాక్ష్యం నంద్యాల జిల్లాలోనూ ఉంది. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో ఒక బూడిద పొర బయటపడింది. సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం దాదాపు 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి పడిన బూడిద అది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో వెల్లడైంది. అక్కడ గళ్ల బొమ్మలు దొరికాయని ఇక్కడ చెప్పడం లేదు. ఆఫ్రికా కొసన ఎవరో ఆ గీతలు గీసిన రోజులకు అటూ ఇటూగా ఈ లోయలో కూడా రాయిని ఒడుపుగా పగలగొట్టే చేతులు ఉన్నాయన్నంతవరకే.

ఆళ్లగడ్డ ఉలి, తిరగలి కక్కు

ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. గుడుల్లో ప్రతిష్ఠించే మూర్తుల నుంచి కూడళ్లలో నిలిపే నాయకుల విగ్రహాల దాకా ఇక్కడ చెక్కుతారు. శిల్పి పని మొదలయ్యేది గీతతోనే. బండ ముఖం చదును చేసి, రంగులో తడిపిన దారాన్ని రెండు కొసలా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. నడిమి నిలువు గీత బ్రహ్మసూత్రం. దానికి అడ్డంగా ముఖం, కంఠం, గుండె, నాభి, మోకాలు ఎక్కడ రావాలో తాళమానం ప్రకారం గీతలు పడతాయి. తాళమంటే 12 అంగుళాలు, తొమ్మిది తాళాల మూర్తి అంటే 108. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారే వంతు. నిలువూ అడ్డమూ కలిసిన ఈ గళ్ల వల్లనే జానెడు మూర్తికీ, నిలువెత్తు మూర్తికీ అవయవాల పొందిక ఒకేలా కుదురుతుంది.

అసలు విశేషం ఆ తర్వాత, పనికిరాని రాయిని తీసెయ్యడంలో ఉంది. ఇప్పుడు శిల్పుల చేతిలో ఉలితోపాటు వజ్రపు బ్లేడు బిగించిన గ్రైండరు కూడా ఉంటుంది. తీసెయ్యాల్సిన భాగం మీద దగ్గర దగ్గరగా గాట్లు కోస్తారు. ఒక్క దిక్కునే కోసి వదిలేస్తే మిగిలేవి పొడవాటి పలకలు. సుత్తి దెబ్బకు పలక ఎక్కడ విరుగుతుందో చెప్పలేం, పగులు లోపలి మూర్తి దాకా పాకినా పాకుతుంది. అందుకని అడ్డంగా కూడా కోస్తారు. అప్పుడు మిగిలేవి చిన్న దిమ్మెలు. ఒక్కోదాని మొదట్లో ఉలి పెట్టి కొడితే సరిగ్గా గాటు అడుగున తెగి ఎగిరిపోతుంది. గాటు ఎంత లోతో, రాయి అంతవరకే ఊడుతుంది. గ్రైండర్లు రాకముందు ఇదే పనిని మొనదేలిన ఉలితో కాలవలు తీసి చేసేవారు. పనిముట్టు మారినా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి అన్న వరస మారలేదు.

నునుపు పెట్టేటప్పుడూ ఇదే వరస. గరుకు రాయితో ఒక దిక్కున రుద్దాక, దాని తర్వాతి సన్నరాయితో అడ్డదిక్కున రుద్దుతారు. కొత్త గీతలు పాత గీతలను కోస్తూ పడతాయి కాబట్టి పాత గీత ఎక్కడైనా మిగిలిపోతే ఎదురుగా కనిపిస్తుంది. ఒకే దిక్కున రుద్దితే కొత్త గీతల నడుమ పాతవి దాక్కుంటాయి, మెరుగు పెట్టాక ఎండలో బయటపడతాయి.

రాతిలో గళ్లు అలంకారంగానూ నిలిచాయి. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో బాదామి చాళుక్యుల నాటి రాతి జాలీ కిటికీలు ప్రదక్షిణ దారిలోకి వెలుగునీ గాలినీ తగుమాత్రంగా వదులుతాయి. రాయిలో అంతమేర తొలిచేసినా కిటికీ నిలబడిందంటే మిగిలిన కమ్ములు ఒకదాన్నొకటి అడ్డంగా పట్టుకుని ఉండటం వల్లే.

శిల్పం కన్నా ఎక్కువ ఇళ్లకు చేరిన రాతిపని మాత్రం తిరగలి. వాడగా వాడగా తిరగలి ముఖం నున్నబడుతుంది. అప్పుడు గింజ నలగదు, జారి బయటికొస్తుంది. నున్నబడ్డ ముఖాన్ని ఉలితో మళ్లీ గరుకు చేయడమే కక్కు కొట్టడం. రోళ్లకూ తిరగళ్లకూ కక్కు కొట్టేవాళ్లు వీధుల్లో కేకేసుకుంటూ తిరిగిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఆ కక్కు చుక్కలుగానైనా, గీతలుగానైనా ఉండొచ్చు. గీతలైతే అందులో ఒక చక్కటి సూక్ష్మం ఉంది. పై రాతికీ కింది రాతికీ గీతలు ఒకే వాలున కొడతారు. పైరాయిని బోర్లించగానే దాని వాలు తిరగబడుతుంది, రెండు రాళ్ల గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. రాయి తిరిగేకొద్దీ ఆ కోసుకునే చోటు నడిమి నుంచి అంచుకు జరుగుతూ, గింజను కత్తెరలా నలిపి, పిండిని బయటికి తోస్తుంది. ఏ రాతి మీదా గళ్లు ఉండవు. రెండు రాళ్లు కలిసి, కదులుతున్నప్పుడు మాత్రమే గళ్లు పుడతాయి. పెద్ద పిండి మరల రాళ్లూ ఇదే సూత్రం మీద పనిచేశాయి.

రాగిరేకు నుంచి పత్రికల బ్లాకు దాకా

సిరాకు ఉన్నది ఒకటే నలుపు. బూడిదరంగు కావాలంటే నల్లగీతల మధ్య తెల్లకాగితాన్ని ఎంత వదలాలో లెక్క చూసుకోవాలి. ఒక వరస గీతలతో లేత నీడ వస్తుంది. దాన్ని కోస్తూ రెండో వరస వేస్తే ముదురుతుంది, మూడోది వేస్తే ఇంకా ముదురుతుంది. గీతల దూరం, లావు, కోసుకునే కోణం చిత్రకారుడి చేతిలో ఉంటాయి. గీతలు వస్తువు వంపును అనుసరిస్తే గుండ్రతనం వస్తుంది. రెండో వరస నీడను కుదురుగా నిలుపుతుంది.

యూరప్‌లో ఈ పద్ధతికి పదును పెట్టినవాళ్లు 15వ శతాబ్దపు జర్మన్ చెక్కుడు కళాకారులు. మార్టిన్ షోన్‌గౌవర్ (1491లో మరణించాడు) రాగిరేకుల మీద క్రమబద్ధమైన గళ్లనీడ తెచ్చాడు. అతని తర్వాతి తరంవాడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ (1471–1528). అతని 1514 నాటి మెలంకోలియా చిత్రంలో రాయి, బట్ట, లోహం, చర్మం ఒక్క నల్లసిరాతోనే వేరువేరుగా తెలుస్తాయి.

రాగికీ చెక్కకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. రాగిరేకు మీద చెక్కిన గాడిలోనే సిరా నిలుస్తుంది కాబట్టి గాడిని గాడి కోసుకుంటూ పోతే గళ్లు వాటంతట అవే వస్తాయి. చెక్క అచ్చులో సిరా పట్టేది ఎత్తుగా మిగిలిన గట్టుకు. అక్కడ గళ్లు రావాలంటే గీతల మధ్య ఉన్న ఒక్కో చిన్న గడినీ విడిగా తొలగించాలి, గట్లు చితకకూడదు. అందుకే చెక్క అచ్చులో గళ్లనీడ కనిపిస్తే దాని వెనక ఎంతో ఓపిక ఉందని అర్థం. గుజరాత్ సుల్తాను పోర్చుగీసువారికి కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం 1515లో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లారా చూడకుండానే, వేరెవరో పంపిన వర్ణనను బట్టి గీసిన ప్రసిద్ధ చిత్రం చెక్క అచ్చే. పూర్తిగా భిన్నమైన దారి పట్టినవాడు ఫ్రెంచి కళాకారుడు క్లోద్ మెలాన్. 1649లో క్రీస్తు ముఖాన్ని ముక్కు కొసన మొదలై సుడిలా తిరిగే ఒక్క గీతతో, ఆ గీత లావును మాత్రమే పెంచుతూ తగ్గిస్తూ చెక్కాడు. అందులో గీతను గీత ఎక్కడా కొయ్యదు. అది అద్భుతమే గానీ, వెనక నడిచినవాళ్లు తక్కువైన దారి.

తెలుగునాట రేకు మీద చెక్కి అచ్చు వేసే విద్యకు పెద్ద పేర్లున్నాయి. చిత్తూరు ప్రాంతపు నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లోని అటెల్యే 17 అనే అచ్చుకళా స్టూడియోలో చేరాడు. రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి, చిక్కదనంలో తేడా ఉన్న రంగులను మెత్తని, గట్టి రోలర్లతో పూసి, ఒకే రేకు నుంచి ఒకే అచ్చులో అన్ని రంగులూ దింపే పద్ధతిని అక్కడ తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. 1972లో పద్మశ్రీ అందుకున్నాడు, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులో, ఆపైన బరోడాలో చదువుకుని పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ ఎచింగుల్లోకి, కలం బొమ్మల్లోకి తెచ్చాడు. 2016లో పద్మశ్రీ పొందాడు. ఆయన బొమ్మల్లో సన్నగీతల వరసలు దేహానికి కండనూ చెట్టుకు బెరడునూ ఇస్తాయి. దగ్గరగా చూస్తే తప్ప ఆ శ్రమ తెలియదు.

పాత తెలుగు పత్రికల బొమ్మల్లో గీతలు అంత ఎక్కువగా ఉండటానికి అచ్చుయంత్రమూ ఒక కారణం. జింకు లైను బ్లాకు నలుపునైనా అచ్చు వేస్తుంది, తెలుపునైనా వదులుతుంది. మధ్య రంగు దానికి తెలియదు. బొమ్మలో నీడ కావాలంటే గీసేవాడే గీతలుగా విడగొట్టి ఇవ్వాలి. తెలుగులో తొలి కార్టూనిస్టుగా పేరున్న తలిశెట్టి రామారావు తరంవాళ్లంతా ఈ కట్టుబాటులోనే పనిచేశారు. బాపు దీన్ని వేరే పద్ధతిలో తప్పించుకున్నాడు: నీడను వీలైనంత వదిలేసి, ఒక్క ఒంపుగీతకే బరువంతా ఎత్తాడు. ఇక ఫోటోలు అచ్చేసే హాఫ్‌టోను బ్లాకు తయారీలో గళ్లు అద్దంలోకే చేరాయి. సన్నగీతలు గీసిన రెండు గాజుపలకలను గీతలు అడ్డంగా వచ్చేలా అతికించి, ఆ తెర గుండా ఫోటో తీస్తే బొమ్మంతా చిన్నాపెద్దా చుక్కలుగా విడిపోయేది. మన కరెన్సీ నోటు మీద గాంధీ బొమ్మ కూడా గీతలతో కట్టిందే. కొత్త నోటు మీద వేలు రాస్తే ఉబ్బుగా తగులుతుంది.

వంటింటి గాట్లు

బనగానపల్లె మామిడిని టెంకకు రెండు పక్కలా నిలువుగా కోస్తే రెండు చెక్కలు వస్తాయి. చెక్కను అరచేతిలో పెట్టుకుని, కత్తి మొనతో తొక్క తెగకుండా నిలువుగా నాలుగైదు గాట్లు, అడ్డంగా నాలుగైదు గాట్లు పెట్టి, తొక్క వైపు నుంచి వేళ్లతో పైకి నెడితే గుజ్జు ముక్కలుగా విచ్చుకుంటుంది. నిలువు గాట్లు మాత్రమే పెడితే పొడవాటి బద్దలొచ్చి చేతిలోంచి జారతాయి. ఈ కోత అన్ని మామిళ్లకూ కుదరదు. బనగానపల్లెకు, అంటే బేనిషాన్‌కు, పీచు ఉండదు. గుజ్జు గట్టిగా ఉంటుంది, కత్తి మొన ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. పీచున్న రసాల మీద ఇదే ప్రయత్నిస్తే గళ్లు రావు, రసం మాత్రం మోచేతి దాకా కారుతుంది. వాటిని పిసికి జుర్రుకోవాల్సిందే. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గుత్తివంకాయకు పెట్టేది ఒక నిలువు గాటు, ఒక అడ్డగాటు. తొడిమ వదలకుండా కింది నుంచి పైకి చీల్చి, వెంటనే ఉప్పునీళ్లలో వేస్తారు. కోసిన వంకాయ గాలి తగిలితే నల్లబడుతుంది కనుక ఆ నీళ్లు. ఒక్క గాటే పెడితే కాయ రెండు దొప్పలై, కూరిన కారం నూనెలోకి జారిపోతుంది. రెండు గాట్లతో నాలుగు పక్షాలు తొడిమ దగ్గర పట్టుకుని ఉంటాయి. కారం నడిమిలో ఇరుక్కుంటుంది, వేడి లోపలికి నాలుగు దార్లలో పోతుంది. కాయ అడుగు కంటా మగ్గి కూడా ఆకారం చెడకపోవడానికి ఈ కోతే ఆధారం.

కోడి కాలుకూ చేపకూ పెట్టే గాట్ల లెక్క వేరు. ఉప్పు మాంసంలోకి నెమ్మదిగానైనా ఇంకుతుంది. కారప్పొడి, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద మాత్రం చాలావరకు పైనే ఉండిపోతాయి. మసాలా లోపలికి పోదు కాబట్టి పైభాగాన్నే లోపలికి తీసుకుపోవాలి. పది సెంటీమీటర్ల చదరపు ముక్క పైముఖం 100 చదరపు సెంటీమీటర్లు. దాని మీద సెంటీమీటరుకొకటి చొప్పున నిలువుగా తొమ్మిది, అడ్డంగా తొమ్మిది గాట్లు, సెంటీమీటరు లోతున పెడితే ఒక్కో గాటుకు రెండు గోడలు, అంటే 20 చదరపు సెంటీమీటర్లు కొత్తగా తెరుచుకుంటాయి. పద్దెనిమిది గాట్లకు 360. మొత్తం 460 అవుతుంది. మసాలా పట్టే చోటు నాలుగున్నర రెట్లకు పైగా పెరిగిందన్నమాట. ఇంట్లో ఇన్ని గాట్లు ఎవరూ పెట్టరు గానీ రెండు మూడు గాట్లకే రుచిలో తేడా ఎందుకు తెలుస్తుందో ఈ లెక్క చెబుతుంది. చేప విషయంలో ఇంకో లాభం ఉంది. వేడికి తోలు ముడుచుకుని ముక్కను వంకర తిప్పుతుంది. తోలు మీద అడ్డగాట్లు పడితే ఆ లాగుడు తెగి, ముక్క పెనానికి అతుక్కుని సమంగా వేగుతుంది. చైనా వంటవాళ్లు స్క్విడ్ లోపలి ముఖం మీద గళ్ల గాట్లు పెట్టి, అదే ముడుచుకోవడాన్ని వాడుకుని ముక్కను అందంగా చుట్టుకునేలా చేస్తారు.

గోదావరి జిల్లాల పనసపొట్టు కూడా ఈ కుటుంబానిదే. తొక్క తీసిన పచ్చి పనసకాయ మీద బరువైన కత్తితో అటూ ఇటూ దడదడ నరికి, పైపొర గాట్లతో నిండాక పలచగా చెక్కితే పొట్టు రాలుతుంది. మళ్లీ నరకడం, మళ్లీ చెక్కడం. ఆళ్లగడ్డ శిల్పి దిమ్మెలు ఎగరగొట్టే వరసా ఇదే, రాయికి బదులు కాయ.

పళ్లెంలో పోసిన బర్ఫీకి, మైసూరుపాకుకు గళ్లు గీయాల్సింది వేడి ఉండగానే. చల్లారితే ముక్క కత్తి చెప్పిన చోట కాకుండా తనకిష్టమైన చోట విరుగుతుంది. ఏటవాలు గళ్లు గీస్తే అంచుల్లో మూడుకోణాల ముక్కలు మిగులుతాయి. అవి పిల్లల వాటా.

పొలంలో

రేగడిలో పత్తి వేసే రైతులు నిలువు సాళ్లు, అడ్డసాళ్లు గీసి అవి కలిసే చోట గింజ వేసే పద్ధతి ఉంది. దీనివల్ల మొక్కలు సమదూరంలో ఉండటం ఒక్కటే కాదు, కలుపు తీయడానికి గుంటకను నిలువుగానూ తోలొచ్చు, అడ్డంగానూ తోలొచ్చు. ఒక్క దిక్కునే సాళ్లుంటే వరసలోని మొక్కకూ మొక్కకూ మధ్య కలుపు మిగిలిపోతుంది, దాన్ని కూలీలు చేత్తో తీయాల్సి వస్తుంది. 2003 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రచారం చేసిన శ్రీవరి సాగులో 25 సెంటీమీటర్ల గళ్లు గీసి నాటమన్నదీ ఈ కారణానికే: వీడరు రెండు దిక్కులా తిరగాలి.

లేత్ షాపు, తాపీ, రంగు

ఆకురాయి పళ్లను దగ్గరగా చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. ఒక్క వరస గాట్లున్న ఆకురాయి లోహాన్ని నునుపుగా, కొంచెం కొంచెంగా తీస్తుంది. రెండు వరసలు కోసుకునేది వేగంగా తింటుంది. రెండో వరస వల్ల పొడవాటి పన్ను చిన్న చిన్న మొనలవుతుంది, పొట్టు తునకలై రాలిపోతుంది. రెండు వరసలకూ వాలు ఒకటి కాకుండా చూస్తారు. ఒకటే అయితే మొనలన్నీ వరసగా వచ్చి, రాసిన చోట గాళ్లు పడతాయి.

లేతు మీద కడ్డీకి పట్టు కోసం వేసే గళ్లను నర్లింగ్ అంటారు. కుడివాలు పళ్ల చక్రం ఒకటి, ఎడమవాలుది ఒకటి తిరుగుతున్న కడ్డీకి నొక్కితే రెండు సుడిగీతలు కోసుకుని గడులు లేస్తాయి. నొక్కే రకం నర్లింగులో లోహం తెగదు, పైకి ఉబుకుతుంది. అందుకే కడ్డీ వ్యాసం కొద్దిగా పెరుగుతుంది. చుట్టుకొలత పళ్ల దూరంతో సరిగ్గా భాగించబడకపోతే రెండో చుట్టులో పళ్లు పాత గాళ్లలో పడవు, గడి మీద గడి పడి చెదురుతుంది.

ఈ మొత్తం విషయంలో గళ్ల గీత అన్నిటికన్నా సున్నితంగా పనిచేసేది ఇంజను సిలిండరులో. ట్రాక్టరు పొగ వదులుతూ ఆయిలు తాగుతోందంటే చాలాసార్లు సిలిండరు గోడ అరిగి అద్దంలా తయారైందని అర్థం. అద్దంలాంటి గోడ మీద ఆయిలు నిలవదు, కొత్త రింగులు వేసినా కుదురుకోవు. అందుకే బోరింగ్ చేశాక గాని, కొత్త లైనరు వేసినప్పుడు గాని హోనింగ్ చేస్తారు. రాతిబిళ్లలు బిగించిన పనిముట్టు గుండ్రంగా తిరుగుతూ, పైకీ కిందికీ పోతూ వస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఒక వాలుగీత, కిందికి పోయేటప్పుడు ఎదురువాలు గీత. మైక్రాన్లలో కొలిచే ఆ గాళ్లే ఆయిలుకు ఇల్లు.

గీతల మధ్య కోణం చాలా ఇంజన్లకు 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంచుతారు. కోణాన్ని నిర్ణయించేది తిరిగే వేగానికీ పైకీ కిందికీ పోయే వేగానికీ ఉన్న నిష్పత్తి. వంద మిల్లీమీటర్ల బోరులో పనిముట్టు నిమిషానికి వంద చుట్లు తిరిగితే గోడ మీద అది నిమిషానికి 31.4 మీటర్లు పోతుంది. 45 డిగ్రీలు రావాలంటే ఒక్కో గీత అడ్డానికి 22.5 డిగ్రీల వాలులో ఉండాలి, అంటే నిలువు వేగం నిమిషానికి దాదాపు 13 మీటర్లు. అంతకన్నా నిదానంగా ఆడిస్తే గీతలు పడుకుంటాయి, ఆయిలు అవసరాన్ని మించి నిలిచి మండిపోతుంది. మరీ వేగంగా ఆడిస్తే గీతలు నిలబడతాయి, ఆయిలు కిందికి జారిపోయి రింగులు ఎండుతాయి. చేత్తో హోనింగ్ చేసే మెకానిక్ ఈ లెక్క కాగితం మీద వెయ్యడు. గోడ మీద టార్చి వేసి గీతల వాలు చూసి చెయ్యి సవరించుకుంటాడు. ఆ చూపు ఏళ్ల పనితో వచ్చేది.

తాపీమేస్త్రీల పని మరోరకం పట్టు. మొదటి పూత తడారకముందే గోడ మీద తాపీ మొనతో అడ్డదిడ్డంగా గీతలు గీస్తే రెండో పూత ఆ గాళ్లలోకి దిగి పట్టుకుంటుంది. బేతంచెర్ల నాపరాళ్లు పరిచేటప్పుడు కూడా పరిచిన మాలు మీద గళ్లు గీసి, సిమెంటు పాలు పోసి, అప్పుడు బండ దింపుతారు. పాలు గాళ్ల వెంట అన్ని పక్కలా పాకుతాయి, బండ కింద గాలి ఇరుక్కోదు. బస్సు మెట్ల మీద ఏటవాలుగా ఎదురెదురు ఉబ్బులున్న చెకర్డ్ ప్లేటు చెప్పుకు పట్టునిస్తుంది. స్లాబులో నిలువూ అడ్డమూ కట్టిన ఇనుము సంగతి అందరికీ తెలిసిందే.

రంగుల పరిశ్రమలో గళ్లు పరీక్షాపత్రం. పూసిన రంగు లోహాన్ని గట్టిగా పట్టిందో లేదో తెలుసుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2409 ప్రకారం రంగు మీద లోహం తగిలేదాకా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు కోస్తారు. 25 గడులు వస్తాయి. గట్టి లోహం మీద 60 మైక్రాన్ల లోపు పూతకు గీతల దూరం ఒక మిల్లీమీటరు, పూత మందం పెరిగేకొద్దీ రెండు, మూడు. టేపు అతికించి లాగి, ఎన్ని గడులు ఊడాయో చూస్తారు. ఏదీ ఊడకపోతే సున్నా, అదే మంచి మార్కు. అయిదంటే పూత పనికిరానట్టే. అమెరికా ప్రమాణంలో ఇది తిరగబడి, మంచిదానికి అయిదు, చెడ్డదానికి సున్నా. రెండు రకాల కొనుగోలుదారులకు సరుకు పంపే షాపులు ఈ తేడా రాసిపెట్టుకోవాలి. ఒక్క దిక్కునే గీస్తే ఈ పరీక్ష ఇంత కఠినంగా ఉండదు. నాలుగు పక్కలా ఆధారం తెగిన గడి మాత్రమే తన సొంత పట్టు మీద నిలబడాలి.

లోహపు పొడిని లేజరుతో కరిగించి పొరలు పొరలుగా వస్తువులు చేసే కొత్త యంత్రాలు కూడా ప్రతి పొరలో లేజరు గీతల దిక్కు మారుస్తాయి. చాలా యంత్రాల్లో పొరకూ పొరకూ 67 డిగ్రీలు తిప్పుతారు. 90 తిప్పితే మూడో పొరకే మొదటి దిక్కు మళ్లీ వస్తుంది. 67తో అయితే పాత దిక్కు చాలా పొరల దాకా తిరిగి రాదు, బలహీనత ఒకే గీత వెంట పేరుకోదు.

గళ్లు వికటించే చోటు

ప్రతి గాటూ ఒక అంచు, ప్రతి అంచూ పగులుకు మొదలు కావచ్చు. బరువు మోస్తూ తిరిగే ఇరుసు మీద లోతైన గీతలుంటే లోహం అలిసి అక్కడే విరుగుతుంది. అందుకే పట్టు కోసం నర్లింగు చేసేది పిడికీ బిగించే మరకీ మాత్రమే, ఇరుసు మీద నునుపే కావాలి. చేపకు గాట్లు ఎక్కువైతే పెనం మీద తునకలవుతుంది. బొమ్మలో గళ్లు అతిగా వేస్తే గీతల మధ్య తెలుపు చచ్చిపోయి మసిమరక మిగులుతుంది.

టైర్ల చరిత్రలో ఈ హద్దు స్పష్టంగా తెలుస్తుంది. పాతరకం టైరు లోపల దారపు పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోస్తూ ఉంటాయి. పక్కగోడలు దృఢంగా ఉంటాయి. అయితే చక్రం దొర్లిన ప్రతిసారీ ఆ దారాలు ఒకదాని మీద ఒకటి కత్తెరలా కదిలి వేడెక్కుతాయి. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ టైరులో పక్కగోడ దారాలు ఒకదాన్నొకటి కొయ్యవు, ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా పోతాయి. నడక భాగం కింద మాత్రం బెల్టుల్లో గళ్ల అల్లిక ఉంచారు. హైవే వేగానికి రేడియల్ నిలిచింది, కార్లన్నీ దానికే మారాయి. శిరివెళ్ల మీదుగా ధాన్యం మోసే ట్రాక్టరు ట్రాలీలకు మాత్రం ఏటవాలు పొరల టైర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వేగం తక్కువ కాబట్టి వేడి పెద్ద సమస్య కాదు, ధర తక్కువ, గట్ల మీద రాయి గుచ్చుకున్నా పక్కగోడ తట్టుకుంటుంది.